సమస్యాపూరణం: కాకి కొమ్మమీదఁ గాసెఁ జూడు

నిర్వాహకులు: ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు రాసి దాన్ని అర్థవంతం చేయాలి. కాకి, కొమ్మ, మీదఁ, గాసెఁ, జూడు: అయిదూ హగణాలే (గురువు, లఘువు). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) కా–గా. షరతు ఒక్కటే. 'కాకి'కి పక్షి అనే అర్థం తీసుకోకూడదు, తెలుగుతో చుట్టరికం లేని వేరే భాష నుంచి అర్థం తేవాలి. సంస్కృత 'కాక' శబ్దం పనికిరాదు, అక్కడా అది పక్షే.

పూరణ 1

ఆకు రాలినంత నరుణకాంతులతోడ
నా జపానునందు నందగించు
పండు పేరు కాకి, పక్షియే కాదయ్య
కాకి కొమ్మమీదఁ గాసెఁ జూడు

సమీక్ష: ఊహ బాగుంది. పెర్సిమన్ చెట్టు ఆకులన్నీ రాల్చుకున్నాక కూడా నారింజరంగు పండ్లు కొమ్మలకే వేలాడుతుంటాయి కాబట్టి మొదటి పాదం నిజానికి దగ్గరగా ఉంది. రెండో పాదంలో 'ఆ' వాడడం మంచి ఉపాయం. 'జపాను' లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. పాదం దానితో మొదలైతే ఆటవెలది నడవదు. ముందు ఒక గురువు పెడితే ఆజ, పాను అని రెండు హగణాలుగా విడిపోతుంది.

చిక్కు వేరే చోట ఉంది. జపనీయులు ఆ పండును 'కకి' అంటారు, రెండూ హ్రస్వాలే. ఆ భాషలో అచ్చు పొడవు మారితే అర్థమే మారుతుంది. దీర్ఘం పెట్టి 'కాకి' అంటే వాళ్లకు ఖాకీ రంగు! హ్రస్వంతోనే ఉన్న ఇంకో 'కకి'కి ఆల్చిప్ప జాతి జీవి అని అర్థం. టోక్యో ఉచ్చారణలో దానికి మొదటి అక్షరం మీద స్వరం ఎత్తు, పండుకు రెండో అక్షరం మీద. ఇన్ని తేడాలున్న మాటను మూడో పాదంలో 'పండు పేరు కాకి' అని తేల్చేస్తే తెలిసినవాళ్లు ఒప్పుకోరు. దీర్ఘం తెలుగువాడి నోట వచ్చిందని పద్యంలోనే చెప్పేయండి:

కకిని సాగఁదీసి కాకి యనెను వీఁడు

గణాలు: కకిని, సాగఁ, దీసి, కాకియ, నెనువీఁడు. యతి క–కా. దోషం కాస్తా చమత్కారమవుతుంది.

పూరణ 2

మలయభాషలోన మనుజుని పాదమ్ము
కాకి యండ్రు, తేనె కలదటంచు
నెక్కి నిలిచి నిలిచి యెఱ్ఱనై కాయలై
కాకి కొమ్మమీదఁ గాసెఁ జూడు

సమీక్ష: నాకు నచ్చింది ఇదే. మలయు భాష ఆస్ట్రోనేషియన్ కుటుంబానిది. అందులో కాకి అంటే పాదం, కాలు కూడా. పండు కాయడాన్ని వదిలి, కాళ్లు కాయలు కాయడాన్ని పట్టుకోవడంతో నామం, క్రియ రెండూ తిరిగాయి. ఒట్టి 'కాసె' ఆ అర్థాన్ని మోయలేదు. 'కాయలై' ముందే ఉండబట్టి నిలిచింది, దాన్ని కదపకండి. 'టంచు నెక్కి' దగ్గర ద్రుతసంధి (మాట చివరి నకారంతో జరిగే సంధి) సరిగానే ఉంది, ఎ–యె యతీ చెల్లుతుంది.

పూరణ 3

ధూళిరంగు వలువఁ దొడిగిన యోధుండు
పగఱ రాక చూడఁ బైకి నెక్కి
పేరు బట్టవలనఁ బెట్టి పిల్తురు వాని
కాకి కొమ్మమీదఁ గాసెఁ జూడు

సమీక్ష: ఫారసీలో 'ఖాక్' అంటే ధూళి. గులాబీ, బాదామీలలో ఉన్న ఈకారమే ఇక్కడా చేరి ఖాకీ అయింది. 1846లో పెషావరులో బ్రిటిషు సైనికాధికారి లమ్స్‌డెన్ ఏర్పరచిన గైడ్స్ దళంతో ఈ రంగు సైనిక దుస్తుల్లోకి వచ్చింది. కాసె అంటే కాపలా కాసె. మూడు పూరణల్లో మూడు క్రియార్థాలు వచ్చాయన్నమాట. ఖకారాన్నీ చివరి దీర్ఘాన్నీ వాడుకలో పోగొట్టుకున్న 'కాకి బట్టలు' ఉన్నాయి కాబట్టి రూపానికి అభ్యంతరం లేదు.

వ్యాకరణం మాత్రం తప్పింది. 'వాని' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) కావాలి, అప్పుడు 'వానిఁ గాకి' అవుతుంది. ఇచ్చిన పాదంలో మొదటి అక్షరమే మారిపోతుంది. పరుషంతో మొదలయ్యే సమస్య ఇచ్చినప్పుడల్లా మూడో పాదం కళతో (ద్రుతం లేని మాటతో) ముగిసిందో లేదో చూసుకోవాలి. '-కి, -ను, -తో, -అందు' చివర్లు చాలా మందిని ముంచేది ఇక్కడే. సవరణ:

పేరు బట్టవలనఁ బెట్టి పిలిచినారు

సభ్యుని ప్రశ్న: కకిలోని హ్రస్వం అడ్డమైతే ఫ్రెంచి పట్టుకోవచ్చా?

నిర్వాహకులు: భేషుగ్గా. ఫ్రెంచివాళ్లు ఆ పండునూ ఆ రంగునూ ఒకే అక్షరక్రమంతో 'కాకి' అంటారు. పండు పేరు జపనీయం నుంచి, రంగు పేరు ఇంగ్లీషు మీదుగా ఫారసీ నుంచి వెళ్లాయి. పుట్టుక వేరు, రూపం ఒకటి. కాసె కూడా రెండు వైపులా తిరుగుతుంది కనుక ఒకే పద్యంలో శ్లేషకు ప్రయత్నించవచ్చు. 'ఫ్రెంచి' హగణం, దానితో పాదం మొదలుపెట్టి నాలుగో గణాన్ని 'పేరు'తో ఎత్తుకుంటే యతి కుదురుతుంది. ఎవరైనా పంపితే ఇక్కడే చేరుస్తాం.