ఎలిజబెత్ రాణి పెళ్లిలో పెట్టుకున్న టియారా మన నిజాం ఇచ్చిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. 1947 నవంబర్ 20న జరిగిన ఎలిజబెత్ పెళ్లి ఫొటో నిన్న చూశా, అప్పటికి ఇంకా యువరాణే, తలమీద వజ్రాల టియారా ఉంది కదా, అది హైదరాబాద్ నిజాం పంపిందేనని మా బాబాయ్ గట్టిగా అంటున్నాడు. నిజమేనా? ఇంకోటి, జూమ్ చేస్తే మధ్య కమ్మీ పక్కన సన్నగా గ్యాప్ కనిపిస్తోంది, డిజైనే అంతా?

రిప్లై 1:
నిజాం కానుక ఇచ్చిన మాట నిజమేనండీ, కానీ పెళ్లికి పెట్టుకుంది అది కాదు. ఫొటోలోది వాళ్ల నానమ్మ మేరీ రాణిది, తన పెళ్లికి విక్టోరియా రాణి ఇచ్చిన నెక్లెస్ విప్పించి 1919లో గారార్డ్ అనే లండన్ నగల కంపెనీ వాళ్ల దగ్గర చేయించుకుంది. తర్వాత ఎలిజబెత్ వాళ్లమ్మకి వచ్చింది, ఆవిడ కూతురికి పెళ్లిరోజు పెట్టుకోమని ఇచ్చింది. ఆ గ్యాప్ డిజైన్ కాదు, ఆరోజు పొద్దున తయారవుతుంటే ఫ్రేమ్ పుటుక్కున విరిగింది! నగల పనివాళ్ల దగ్గరికి పోలీసు బందోబస్తుతో పరుగున తీసుకెళ్లి అతికించి తెచ్చారు, మీకు కనిపిస్తున్నది ఆ అతుకే. తర్వాత 1973లో కూతురు యాన్, 2020లో మనవరాలు బియాట్రిస్ కూడా పెళ్లికి అదే పెట్టుకున్నారు.

రిప్లై 2:
మెళ్లో ముత్యాలు కూడా చూడండి, రెండు పేటల దండలా ఉంది గానీ అవి రెండు వేర్వేరు దండలు, నాన్న ఇచ్చిన కానుక. తీరా పెట్టుకుందామనుకునేసరికి అవి పెళ్లి కానుకలతో పాటు సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో ఉండిపోయాయి, సెక్రటరీ ఆ జనంలోంచి వెళ్లి తేవాల్సొచ్చింది. మా అక్క పెళ్లిలో పీటల మీద కూర్చునే ముందు వడ్డాణం సీల ఊడిపోతే మా అత్త తన చీర కుచ్చిళ్లకి పెట్టుకున్న పిన్నీసు తీసి పెట్టింది, ఆల్బమ్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది, అందుకే ఆ గ్యాప్ ఉన్న ఫొటో అంటే నాకు చాలా ఇష్టం.

రిప్లై 3:
నిజాం సంగతి నేను చెప్తా. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తనే ఏదో ఒకటి పంపలేదు, లండన్‌లోని కార్టియర్ నగల షాపులో నచ్చింది తీసుకోమని ఛాయిస్ పెళ్లికూతురికే వదిలేశారు, నాకైతే ఆ పద్ధతి భలే నచ్చింది. ఆమె ఒక వజ్రాల నెక్లెస్, గులాబీపూల టియారా ఎంచుకుంది. టియారాని 1973లో విప్పేసి ఆ వజ్రాలు బర్మా కెంపుల టియారాలో పెట్టించారు, గులాబీలు మాత్రం బ్రోచ్‌లుగా మిగిలాయి. నెక్లెస్ ఇంకా ఉంది, 1952లో డొరొతీ వైల్డింగ్ తీసిన రాణి ఫొటోల్లో మెళ్లో ఉన్నది అదే. 2014లో మనవడు విలియం భార్య కేట్ కూడా పెట్టుకుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. 2014 ఫొటో ఇప్పుడే వెతికి బాబాయ్‌కి పంపా, నెక్లెస్ మధ్యలో వేలాడే ఆ పెద్ద లాకెట్టు చూసి ఇంకా ఫోన్ కింద పెట్టట్లేదు.