కొర్రమీను నీళ్లు లేకుండా అంతసేపు ఎలా బతుకుతుంది?

ప్రశ్న (విజయవాడ): ఆదివారం చేపల మార్కెట్టులో తట్టలో వేసిన బొచ్చె చూస్తుండగానే కదలిక మానేసింది, పక్క బేసిన్‌లో కొర్రమీను మాత్రం అరచెయ్యి మునగనన్ని నీళ్లలోనే తోక కొడుతూ, నోరు తెరిచి గాలి మింగుతూ ఉంది. రెండింటికీ ఉన్నవి మొప్పలే కదా, ఈ తేడా ఎందుకండీ?

జవాబు 1 (గుంటూరు): మొప్పల పొరలు నీటి ఆధారంతోనే విడివిడిగా నిలుస్తాయి. ఒడ్డున పడగానే అవి తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల, చుట్టూ కావలసినంత ఆక్సిజన్ ఉన్నా బొచ్చెకు అందదు. కొర్రమీనుకు మొప్పల పైభాగాన రక్తనాళాలు నిండిన గాలి గదులు ఉన్నాయి. విచిత్రమేమిటంటే, పైకి రానీయకుండా నీటిలోనే ఆపితే అది ఊపిరాడక చనిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే మన ఊపిరితిత్తులు ఇలాగే మొదలయ్యాయా?

జవాబు 2 (విజయవాడ): కాదండీ, అక్కడే చాలామంది పొరబడతారు. ఊపిరితిత్తి ఆహారనాళం నుంచి పొంగిన సంచి. 40 కోట్ల ఏళ్లకు పూర్వమే ఎముక చేపల పూర్వీకులలో ఏర్పడింది. బొచ్చెను కోసినప్పుడు బయటపడే తెల్లని గాలి తిత్తిది కూడా ఆ మూలమే, కాకపోతే ఇప్పుడు దాని ముఖ్యమైన పని తేలడానికి తోడ్పడడం. కొర్రమీను గది తరువాత విడిగా వచ్చింది. మార్పు అనే మరో చేపకైతే మొప్పల కమానుల మీద చెట్టుకొమ్మల్లాంటి అవయవం ఉంటుంది, అది మరో దారి.