కోళ్ళకి వేసే ఐబీ వ్యాక్సిన్ కూడా కరోనాదేనా? ఏ వైరస్ ఏ జాతో ఎవరు తేలుస్తారు?

తణుకు_లేయర్స్:
నమస్కారమండి. మాకు తణుకు దగ్గర లేయర్ షెడ్లున్నాయి. మొన్న కోడిపిల్లలకి రాణిఖేత్‌కి వేసే లసోటా, ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే ఊపిరి జబ్బుకి వేసే ఐబీ కలిపిన వ్యాక్సిన్ పెడుతున్నాం. క్లోరిన్ లేని నీళ్ళలో పాలపొడి కలుపుకుని, ఐస్ బాక్స్‌లోంచి వయల్ తీసి నీళ్ళలో ముంచి మూత తీస్తాం కదా, ఆ పనిలో ఉండగా బీఎస్సీ చదివే మా అన్నయ్య కొడుకు వచ్చి లేబుల్ చూసి, బాబాయ్ ఇది కరోనా వైరస్సే అన్నాడు. పనోళ్ళు విని హడలిపోయారు, మర్నాడు కొంతమంది రాలేదు కూడా. నిజమేనాండి? మనుషులకి అంటుతుందా? 2020లో వచ్చినదానికీ దీనికీ చుట్టరికం ఏంటి, అసలు అది తేల్చేది ఎవరు? తెలిసినోళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

అమలాపురం_మైక్రో:
మీవాడు చెప్పింది కరెక్టేనండి, ఐబీ వైరస్ కరోనాల కుటుంబంలోదే. కానీ దీనివల్ల మనుషులకి జబ్బు రాదు, ముందు ఆ మాట పనోళ్ళకి చెప్పండి. కరోనాల్లో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని నాలుగు గుంపులున్నాయి. మీ కోళ్ళది గామా, 2020ది బీటా. ఇక్కడ డెల్టా అంటే 2021లో వ్యాపించిన కోవిడ్ డెల్టా వేరియంట్ కాదు, రెండూ వేరు.

అసలు ఈ కుటుంబం కథ మొదలైందే కోళ్ళతోనండి. 1931లో అమెరికాలో నార్త్ డకోటాలో కోడిపిల్లలు ఊపిరాడక చచ్చిపోతున్నాయని రాశారు, అదే ఐబీ. తర్వాత 1960ల్లో లండన్‌లో జూన్ అల్మీడా అనే ఆవిడ జలుబు చేసిన మనిషి నుంచి తీసిన వైరస్‌ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి, ఇది కోళ్ళ ఐబీలాగే ఉందే అని పట్టుకుంది. 1968లో వీటన్నిటినీ ఒక గుంపు చేసి కరోనా అన్నారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతిదండి. 1987లో ఇంగ్లండ్‌లో ఒక కరోనా వైరస్ జీనోమ్, అంటే దాని ఆర్ఎన్ఏలో రాసున్న జన్యు అక్షరాల వరస, మొత్తం మొదటిసారి చదివారు, అదీ ఐబీదే, 27,600 అక్షరాల పైన ఉంది. పోలియో వైరస్‌కి ఏడున్నర వేలే. అంత పొడుగు ఆర్ఎన్ఏలో చాలా ముక్కలు ఏం పని చేస్తాయో అప్పటికి సరిగ్గా తెలీదు. మాస్కోలో అలెగ్జాండర్ గోర్బలేన్యా, ఇంకో ముగ్గురు కలిసి ఆ వరసని వేరే వైరస్‌ల ప్రోటీన్లతో పక్కపక్కన పెట్టి పోల్చి, ఇదిగో ఇక్కడ ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్ ఉంది, ఇక్కడ ఆర్ఎన్ఏ కాపీ తీసేది ఉంది అని 1989లోనే రాసేశారు. ఒక్క వైరస్‌ని కూడా పెంచకుండా, ఉత్త వరసలు పోల్చి! ఆ కోసే ఎంజైమ్‌నే ఇప్పుడు మెయిన్ ప్రోటియేజ్ అంటున్నాం. 2021 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన పాక్స్‌లోవిడ్ మాత్ర పట్టుకుని ఆపేది కరోనాలో దాన్నే. మీ షెడ్డుకొచ్చే జబ్బు వైరస్ మీద చేసిన పని అక్కడిదాకా వెళ్ళిందండి.

ఇక జాతి ఎవరు తేలుస్తారంటే, ఐసీటీవీ అని వైరస్‌ల వర్గీకరణకి అంతర్జాతీయ కమిటీ ఉంది, అందులో కరోనాలు చూసే బృందం వేరే ఉంది. 2020 ఫిబ్రవరి 11న కోవిడ్ వైరస్‌కి సార్స్-కోవ్-2 అని పేరు పెట్టింది ఆ బృందమే, అందులో ఈ గోర్బలేన్యా కూడా ఉన్నారు, అప్పటికి నెదర్లాండ్స్‌లో లైడెన్‌లో ఉన్నారు. వీళ్ళు జబ్బు ఎలా ఉంది, ఏ జంతువుకి వచ్చింది అని చూడరు. వైరస్ తన కాపీలు తీసుకునే రెప్లికేజ్ ప్రోటీన్లని పోలుస్తారు, అవి 90 శాతం పైన కలిస్తే ఒకటే జాతి అని చాలాకాలం నడిచిన కొలత. వైరస్ ఒంటిమీద ముళ్ళలా ఉండే స్పైక్ ప్రోటీన్‌ని నమ్ముకోరు ఎందుకంటే అది వేసుకున్న చొక్కా లాంటిది, మారిపోతూ ఉంటుంది. అందుకే 2003 సార్స్, 2020ది రెండూ ఒకే జాతి కింద పడ్డాయి.

భీమవరం_చెరువులు:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి. రొయ్యల్లో ఎల్లో హెడ్ కూడా కరోనాకి చుట్టమేనని ఎక్కడో విన్నాను, నిజమేనా? వైట్ స్పాట్ కూడానా?

అమలాపురం_మైక్రో:
ఎల్లో హెడ్ చుట్టమేనండి, కాకపోతే బాగా దూరం. కుటుంబం వేరు, ఆ పైన నిడోవిరేలిస్ అనే వర్గం మాత్రం ఒకటే. అదీ ఆర్ఎన్ఏ వైరసే, 26 వేల అక్షరాల చిల్లర ఉంటుంది. అంత పొడుగు కాపీ తీస్తే తప్పులు పేరుకుపోవాలి గదా, మరి వీటికి తప్పు అక్షరాన్ని కత్తిరించేసే ఎంజైమ్ ఇంకోటి ఉంది, ఆర్ఎన్ఏ వైరస్‌ల్లో ఇది చాలా అరుదు. కరోనాలోనూ ఉంది, ఎల్లో హెడ్‌లోనూ ఉంది. వైట్ స్పాట్‌కి వీటితో సంబంధమే లేదు, అది డీఎన్ఏ వైరస్. ఎల్లో హెడ్ కూడా మనుషులకి రాదండి, భయం లేదు.

పశువైద్యం_పెరవలి:
పైన చెప్పినవన్నీ బాగున్నాయి, రైతుకి పనికొచ్చే ఒక్క మాట కలుపుతాను. జాతి ఒకటే అంటే వ్యాక్సిన్ కూడా ఒకటే పనిచేస్తుందని అనుకోకండి. వర్గీకరణ చేసేవాళ్ళు పక్కన పెట్టే ఆ స్పైకే మనకి ముఖ్యం, వ్యాక్సిన్ వేశాక కోడి ఒంట్లో రక్షణ తయారయ్యేది ఎక్కువగా దానిమీదే. మనం ఎక్కువగా వాడే హెచ్120 మాసాచుసెట్స్ రకం. ఫారంలో తిరిగేది 4/91 లాంటి వేరే రకమైతే హెచ్120 ఒక్కదానితో పూర్తి కాపుదల రాకపోవచ్చు. వ్యాక్సిన్ వేశాక కూడా గుడ్డు తగ్గి, పెంకు పల్చనై గరుకుగా వంకర గుడ్లు వస్తూ, పగలగొడితే తెల్లసొన నీళ్ళలా జారిపోతుంటే వ్యాక్సిన్ నకిలీదని కంపెనీ మీద పడకుండా, చచ్చిన కోళ్ళ గొంతు గొట్టం, కిడ్నీ ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపండి. పీసీఆర్‌లో ఐబీ పాజిటివ్ అని రిపోర్టు రాగానే ఊరుకోకుండా స్పైక్ ఎస్1 ముక్క వరస కూడా చదివించమని అడగండి, రకం తెలిస్తేనే తర్వాతి బ్యాచ్‌కి ఏ వ్యాక్సిన్ కలపాలో చెప్పగలం.

తణుకు_లేయర్స్:
చాలా థాంక్సండి ఇద్దరికీ. పోయిన బ్యాచ్‌లో అచ్చం ఆ తెల్లసొన జారిపోయే గుడ్లే వచ్చాయి, మేతలో లోపమని అందరూ అన్నారు. ఈ ఎస్1 చదివించడానికి కోళ్ళు చచ్చేదాకా ఆగాలా, బతికున్నవాటి నుంచి తీయొచ్చా?

పశువైద్యం_పెరవలి:
తీయొచ్చండి. లక్షణాలు మొదలైన మొదటి వారంలోనే గొంతులోంచి స్వాబ్ తీయించండి, అప్పుడే వైరస్ బాగా దొరుకుతుంది, ఆలస్యమైతే గొంతులో దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు రెట్ట దారి నుంచి కూడా తీయించండి. ఏ వ్యాక్సిన్ ఏ తేదీన వేశారో కాగితం మీద రాసి స్వాబ్‌లతో పాటు పంపండి, లేకపోతే ల్యాబ్ వాళ్ళకి దొరికింది వ్యాక్సిన్ వైరసో బయటి నుంచి వచ్చిందో తేల్చడం కష్టం.