అప్‌డేట్: బొమ్మ రాడార్ గన్ స్పీడు తక్కువ చూపిస్తోందన్నాను కదా

మా గుంటడి బౌలింగ్‌కి బంతి వేగం కొలిచే బొమ్మ రాడార్ గన్ గంటకి 35 కి.మీ. దాటట్లేదని మొన్న అడిగాను. గన్‌లో లోపం లేదండీ, నేను నిలబడ్డ చోటే తప్పు. పాయింట్ వైపు నుంచి, అంటే పిచ్‌కి పక్కగా నిలబడి పట్టుకున్నాను. బంతి గన్ వైపుకి ఎంత వేగంగా వస్తోందో అంతవరకే అది కొలుస్తుంది. బంతి వచ్చే దారికి 60 డిగ్రీలు వారగా ఉంటే సగమే కనిపిస్తుంది.

నిన్న విజయనగరం అయోధ్యా మైదానంలో వికెట్ల వెనక, నైలాన్ వల చాటున నిలబడ్డాను. 68, 71! అంతకుముందు తమ్ముడి బండిని మీటర్ మీద 40లో ఎదురుగా రప్పిస్తే 38 వచ్చింది. (బండి మీటర్లు కాస్త ఎక్కువే చూపిస్తాయిలెండి.)

ఇంట్లో చూసేవాళ్లు ఫ్యాన్ ఆపండి. గోడకి గురిపెట్టినా అంకెలొస్తుంటే కంగారుపడ్డాను, తీరా అవి తిరిగే రెక్కలవి. గుంటడు మాత్రం 71కీ మొహం ముడుచుకున్నాడు.