రోసీనా పాట సొప్రానోలు పాడొచ్చా, కూడదా?

చెవికోసుకుంటా:
నిన్న ఇంకో గ్రూపులో మొదలైన గొడవ. అక్కడ తేలలేదు, ఇక్కడ తేల్చుకుందామని పెడుతున్నా. రోసీనీ రాసిన ఒపెరా, అంటే పాటల నాటకం, ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లో నాయిక రోసీనా పాడే ‘ఉనా వోచే పోకో ఫా’ ఉంది కదా. దాన్ని కొలరాటూరా సొప్రానోలు, అంటే పైస్థాయిలో జలజలా స్వరాలు దొర్లించే ఆడగొంతులు, పాడితే అది ‘దొంగసొత్తు’ అన్నాడొకాయన. ఒళ్ళు మండింది. లిలీ పాన్స్ పాడింది, రొబెర్టా పీటర్స్ పాడింది, తరాల తరబడి జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళందరికీ చెవుల్లేవా?

మూలప్రతి:
ఆ ఒకాయన నేనే. అక్కడ నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో తెయాత్రో అర్జెంతీనాలో ఇది మొదటిసారి ఆడినప్పుడు రోసీనా వేసింది జెల్త్రూదె రిగెత్తి-జోర్జి. ఆవిడది కింది గొంతు. రోసీనీ ఆవిడ కొలతలు తీసుకుని కుట్టిన రవిక ఇది, ఇ మేజర్ శ్రుతిలో. సొప్రానోలు దాన్ని ఎఫ్‌కి ఎక్కించి, కిందున్న స్వరాలని పైకి తిప్పి, ఖాళీ దొరికిన చోటల్లా సొంత సర్కస్ పెట్టారు. రవిక విప్పి మళ్ళీ కుట్టుకున్నాక కూడా అదే రవిక అంటే ఎట్లా?

హార్మోనియం_మెట్టు:
ఇ అంటే మన మూడు శ్రుతి, ఎఫ్ అంటే నాలుగు. హార్మోనియంలో ఆ రెండు మెట్ల మధ్య నల్లమెట్టు కూడా లేదు సార్. దీనికా ఇంత రభస? మన కచేరీల్లో ఎవరి శ్రుతి వాళ్ళది. ఆడవాళ్ళు ఐదులో, మగవాళ్ళు ఒకటిలో అదే కీర్తన పాడితే ఎవరైనా కేసు పెట్టారా?

రేపల్లె_రైలు:
పాటీ అనే గాయని ఇదే పాటని నగిషీలు చెక్కీ చెక్కీ రోసీనీ ముందే పాడిందట. ఆయన మెచ్చుకుని, ఇంతకీ ఈ పాట ఎవరు రాశారమ్మా అని అడిగాడని చెప్పుకుంటారు. 😀

మూలప్రతి:
హార్మోనియం గారూ, శ్రుతి మారితే మన దగ్గర పాట మొత్తం ఒక్కటిగా కదులుతుంది, పాట పాటలాగే ఉంటుంది. ఇక్కడ కదిలేది సగమే. ఆ పాటలో రోసీనా ఏమంటుంది? నేను అణకువ గలదాన్ని, చెప్పినమాట వింటాను, నన్ను నడిపించండి అంటుంది. అంటూ అంటూ ‘మా’ అంటుంది. ఇటాలియన్‌లో ‘కానీ’ అని. కానీ నా నొప్పి ఉన్నచోట తాకారో, తాచుపామునవుతా, లొంగేలోపు వంద ఉచ్చులు పన్నుతా. ఆ ‘మా’ని మరియా కాలస్ అనే గాయని ఎట్లా అందో వినండి, తలుపు ధడాల్న మూసినట్టుంటుంది. ఆ పిల్ల బెదిరింపు కిందిస్థాయిలో నిలబడి చెప్పేది. సొప్రానోలు దాన్ని పిచికలా కూసేసి పైమెట్లకి పరిగెడతారు. అక్కడ పాము ఏది?

హార్మోనియం_మెట్టు:
కాలస్ సొప్రానో కదా?

మూలప్రతి:
కాలస్ లెక్క వేరు.

చెవికోసుకుంటా:
చూశారా, నచ్చితే లెక్క వేరు!
సరే, పాటీ కథ పక్కనపెట్టి రికార్డు మాట్లాడదాం. 1819లో వెనిస్‌లో జోసెఫీన్ ఫోదోర్ అనే సొప్రానో రోసీనా వేసింది. రోసీనీ బతికే ఉన్నాడు. అభ్యంతరం చెప్పకపోగా ఆవిడ కోసం రెండో అంకంలో కొత్త పాట రాసిచ్చాడు. కుట్టినవాడే ఇంకో మనిషికి అతుకు వేసిచ్చాక మధ్యలో మనకేం నొప్పి?
రెండో అంకంలో సంగీత పాఠం సీన్ సంగతీ అంతే. రోసీనీ పాట తీసేసి గాయనులు తమకి నచ్చింది పాడుకునేవాళ్ళు. మెల్బా అయితే అక్కడ ‘హోమ్ స్వీట్ హోమ్’ పాడేది. మా ఊరి తిరునాళ్ళలో పద్యనాటకం ఇలాగే ఉండేది. వన్స్ మోర్ అంటే చచ్చిపోయినవాడు లేచి మళ్ళీ పద్యం అందుకునేవాడు. థియేటర్ అంటే అదండీ. మ్యూజియం కాదు.

మూలప్రతి:
ఫోదోర్‌కి అదనంగా ఒక పాట ఇచ్చాడు. ఈ పాటని మార్చమనలేదు. రెండూ ఒకటి కాదు. 1920లలో కొంచిటా సూపెర్వియా అనే గాయని దీన్ని మళ్ళీ కింది గొంతుకి తెచ్చేదాకా, 1969లో ఆల్బెర్తో జెద్దా అసలు రాతప్రతులు పోల్చి శుద్ధప్రతి అచ్చువేసేదాకా, జనం విన్నది నకలే. కింది గొంతు గాయని బెర్గాంజా, వాద్యబృందాన్ని నడిపే అబ్బాదోతో చేసిన రికార్డింగు విన్నాక నాకు లిలీ పాన్స్ సైకిల్ బెల్లులా అనిపించింది.

చెవికోసుకుంటా:
సైకిల్ బెల్లా!! ఆ రికార్డు మా నాన్న మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల మధ్య కొన్నాడు. ఇంటికి చుట్టాలొస్తే ‘పిల్లి తోక తొక్కారా’ అని నవ్వేవాళ్ళు. ఆయన చివరికి తలుపేసుకుని వినేవాడు. అప్పుడు చుట్టాలు, ఇప్పుడు మీరు. చదువుకున్నవాళ్ళ వెటకారానికి కాస్త పుస్తకాల వాసన, అంతే తేడా.

నిద్రమాత్ర:
ఇద్దరూ మంచినీళ్ళు తాగండి.

హార్మోనియం_మెట్టు:
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. మూడుకీ నాలుగుకీ ఉన్న తేడా ఒక్క మెట్టే కదా?

మూలప్రతి:
మెట్టు మెట్టని చంపకండి మాస్టారూ! ఆ ఒక్క మెట్టుకి వేషం పోతుంది. వేషం!
మా అమ్మాయి జర్మనీలో ఒక సంగీత కళాశాలలో చదివింది. మెట్సో, అంటే సొప్రానోకన్నా కిందిస్థాయి ఆడగొంతు. నాలుగేళ్ళు ఏమిచ్చారు? ఎవరికో తల్లి, ఎవరికో పనిమనిషి, ప్యాంటు తొడిగి మగపిల్లాడు. ఆ గొంతుకి ఇటాలియన్ కామెడీలో కథానాయికగా దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రోసీనా, చెనెరెంతోలా, ఇంకా ఒకటీ అరా. ‘దోన్ పాస్క్వాలే’లో నొరీనా, ‘ఎలిసిర్’లో అదీనా, అన్నీ సొప్రానోలవే. చివరి ఏడాది బార్బర్ వేశారు. ఆర్నెల్లు ‘ఉనా వోచే’ బాత్రూంలో, ట్రామ్‌లో, నిద్రలో కూడా. పది రోజుల ముందు, ప్రేక్షకులకి పైస్వరాలు కావాలి అని వేషం ఒక సొప్రానోకి ఇచ్చేశారు. మా పిల్లకి బెర్తా ఇచ్చారు. ఇంట్లో ముసలి పనిమనిషి.
ఇంకో తమాషా తెలుసా? రోసీనీ బెర్తాని సొప్రానోకి రాశాడు. మొదటి అంకం చివర అందరూ కలిసి పాడేచోట ఆ పనిమనిషి గొంతు నాయిక గొంతుకన్నా పైన ఉంటుంది. సొప్రానో రోసీనా వస్తే ఇద్దరి వరసలూ తారుమారు చేస్తారు. మా పిల్ల కింద పాడింది. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను.

రేపల్లె_రైలు:
🙏

చెవికోసుకుంటా:
ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే నేను వెనిస్ దాకా వెళ్ళేవాణ్ణి కాదు కదండీ.
అయినా ఆ వేషం లాక్కున్నది ఎవరు? అది పాడిన సొప్రానో పిల్లా, ఇచ్చిన పెద్దలా? మీ కోపం లిలీ పాన్స్ మీద ఎందుకు పడింది?

మూలప్రతి:
ఇచ్చినవాళ్ళే. ఒప్పుకుంటా. కానీ ప్రేక్షకులకి పైస్వరాలు కావాలి అన్న మాటని వాళ్ళ నోట్లో పెట్టింది ఎవరు? మీరూ, మీ చప్పట్లూ. సైకిల్ బెల్లు మాట వెనక్కి తీసుకుంటున్నా. మీ నాన్నగారి గురించి తెలియదు.

చెవికోసుకుంటా:
చప్పట్లు మాత్రం ఆపను. అమ్మాయి పాడిన రికార్డింగేమైనా ఉందా? రోసీనాది.

మూలప్రతి:
రిహార్సల్ గదిలో ఫోన్‌తో తీసింది ఒకటుంది. మధ్యలో ఎవరో దగ్గుతారు. తనని అడగకుండా పెట్టలేను.

హార్మోనియం_మెట్టు:
అడిగి పెట్టండి సార్. ఏ శ్రుతో నేను చెప్తా.