హోటల్ కాలిఫోర్నియాలో ఆవిడకున్నది బెంజా, బెండ్సా?

పాత క్యాసెట్:
మూడు రోజులుగా ఒకటే నస. అమెరికా బ్యాండు ఈగల్స్ వాళ్ళ పాట హోటల్ కాలిఫోర్నియాలో ఆవిడ గురించిన లైను ఉంది కదా, మనసు టిఫనీ నగల కొట్టు చుట్టూ మెలికలు తిరిగిపోయిందంటాడు, ఆ వెంటనే "షీ గాట్ ద మెర్సిడీస్..." అని ఇంకో మాట. ఆ మాట ఏమిటి? ముప్పై ఏళ్ళుగా "బెంజ్" అనే పాడుకుంటున్నా. హాస్టల్లో పాటల నోట్‌బుక్కులో కూడా అదే రాసుకున్నట్టు గుర్తు. మొన్న మా అమ్మాయి ఫోన్లో పాట పెడితే కింద అక్షరాలు పరిగెడుతున్నాయి, చూస్తే "బెండ్స్". తప్పు పడిందే అన్నాను. "తప్పు నీదే నాన్నా" అంది. కారున్నావిడకి మలుపులెందుకు మధ్యలో? పాట కథ అందరికీ తెలిసిందే, ఆ ఒక్క మాట తేల్చి పుణ్యం కట్టుకోండి.

బందరు లడ్డు:
అమ్మాయిదే కరెక్టండీ. అచ్చులో బి-ఇ-ఎన్-డి-ఎస్ అనే ఉంటుంది. మలుపులు కాదు, అది రోగం పేరు. సముద్రంలో లోతుకి దిగినవాళ్ళకి వచ్చే రోగాన్ని "ద బెండ్స్" అంటారు. ముందు "ద" ఉంది చూశారా, కారైతే "ఎ మెర్సిడీస్" అనాలి. రోగాలకే ఆ "ద" తగిలించేది.

రాత్రి డ్యూటీ:
ఆ "ద" తోనే నా సిద్ధాంతం నిలబడుతుంది లడ్డు గారూ. ఫలానా కారు, ఇంట్లో ఉన్న ఆ కారు, ఆవిడకి దక్కింది. అంటే విడాకులైనప్పుడు మొగుడికి అప్పులు, ఆవిడకి మెర్సిడీస్. తర్వాత లైన్లో ఆవిడ చుట్టూ అందమైన కుర్రాళ్ళు తిరుగుతున్నారు, "స్నేహితులు" అని చెప్పుకుంటుంది. మొగుడున్న ఇంట్లో జరిగే పనేనా ఇది? రోగం గీగం ఏమీ లేదు, భరణం కేసు.

బందరు లడ్డు:
ఆరున్నర నిమిషాల పాటని ఫ్యామిలీ కోర్టుకి లాక్కెళ్ళిన మొదటి మనిషి మీరే.

ఓరుగల్లు అన్న:
నవ్వకుర్రి. ఇంతకన్నా ఘోరమైనవి చదివినం. సైతాను గుడి అన్నరు, పిచ్చాసుపత్రి అన్నరు, ఆల్బం అట్ట మీది బొమ్మ చూసి దయ్యాల ఇల్లన్నరు. అది బెవర్లీ హిల్స్ హోటల్ ఫొటో. మొదట్ల వచ్చే "కొలీటాస్" కైతే ఎన్ని అర్థాలు చెప్పిన్రో లెక్క లేదు.

రాత్రి డ్యూటీ:
కొలీటాస్ అంటే స్పానిష్‌లో చిన్న తోకలు. గంజాయి మొగ్గల్ని ఆ పేరుతో పిలుస్తారు. అయిపోయింది, దాన్ని మళ్ళీ తవ్వకండి.

సముద్రం పక్క:
నేను విశాఖలో ఉంటాను, సర్వీసులో డైవింగ్ చేసినవాణ్ణి. పాట సంగతి అంతంతే గానీ బెండ్స్ సంగతి బాగా తెలుసు కాబట్టి చెబుతున్నా. కిందికి దిగేటప్పుడు ఏమీ కాదు. పైకి వచ్చేటప్పుడే. లోతులో ఒత్తిడికి మనం పీల్చే గాల్లోని నైట్రోజన్ ఒంట్లో కరిగిపోతుంది. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడి వచ్చేశామా, గోలీ సోడా కొట్టినప్పుడు బుస్సుమని బుడగలొస్తాయే, అది ఒంట్లో జరుగుతుంది. భుజాలు, మోచేతులు, మోకాళ్ళు పట్టేస్తాయి. ఒకసారి మావాడొకడు పడవ ఎక్కి మామూలుగానే బూట్లు విప్పుకున్నాడు, టీ కూడా తాగాడు, కాసేపటికి చూస్తే మోచెయ్యి కడుపుకి అదుముకుని కోడి రెక్క ముడుచుకున్నట్టు ఒక మూల ఒంగి కూర్చున్నాడు. చెయ్యి చాపమంటే చాపలేడు. ఛాంబర్లో పెట్టి మళ్ళీ ఒత్తిడి ఎక్కించి మెల్లమెల్లగా దించాల్సి వచ్చింది. ఆ ఒంగిపోవడం వల్లే ఆ పేరు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదులు తవ్వినప్పుడు, 1870ల్లో, కూలీలకీ ఇదే వచ్చింది. ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీంతోనే మంచాన పడితే భార్య ఎమిలీ దగ్గరుండి పని నడిపించింది.

ఓరుగల్లు అన్న:
ఇగో, ఇప్పుడు దొరికింది. లోతుకు పోయినందుకు కాదు, మీదికి జల్ది వచ్చినందుకు వచ్చే రోగం! అల్పునికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నడట, గదే ఈమె సంగతి. పైసలు ఎక్కువై, తొందరగా మీదికొచ్చి, మెర్సిడీస్ రోగం తగిలింది. లైను మొత్తం తెలిసిపోయె.

బందరు లడ్డు:
బాగుంది కానీ కాస్త ఎక్కువ లాగారేమో అన్నా. బెంజ్ కారు పిచ్చి అనే రోగం, అంతవరకే కవి ఉద్దేశం. తొందరగా పైకి రావడం వరకూ పాట రాసి పాడిన డాన్ హెన్లీ ఆలోచించి ఉంటాడా?

రాత్రి డ్యూటీ:
ఆలోచించే మనిషే. అదే పాటలో "స్పిరిట్" మాట చూడండి, ఇటు బట్టీ పెట్టిన మద్యం, అటు ఆత్మ. వైన్ తెమ్మంటే, ఆ స్పిరిట్ ఇక్కడ 1969 నుంచి లేదంటాడు. 2009లో ఒక విలేఖరి, వైన్‌ని స్పిరిట్ అనరు కదండీ, పులియబెట్టేది వేరు బట్టీ పెట్టేది వేరు అని ఎత్తి చూపితే హెన్లీకి చిర్రెత్తింది. అది మద్యం గురించి కాదయ్యా, సమాజం, రాజకీయాల గురించి అన్నాడు. పాటలో వచ్చే "స్టీలీ" కత్తులు కూడా ఊరికే రాలేదు, స్టీలీ డాన్ బ్యాండు వాళ్ళు అంతకుముందు ఒక పాటలో ఈగల్స్ పేరు ఎత్తి గిల్లారు, దానికి వీళ్ళ జవాబు. మూడు మాటల్లో రెండిటికి రెండర్థాలున్నప్పుడు మూడోది మాత్రం అమాయకంగా ఎందుకుంటుంది?

బందరు లడ్డు:
మరి మీ భరణం కేసు?

రాత్రి డ్యూటీ:
వాయిదా పడింది.

పొల్లు మాస్టారు:
అందరూ అర్థం చుట్టూ తిరుగుతున్నారు, అసలు తగువు ధ్వని దగ్గర ఉంది. ఇంగ్లీషువాడి నోట్లో బెంజ్, బెండ్స్ రెండూ దాదాపు ఒకటే. "న్" నుంచి "జడ్" కి నాలుక జారేటప్పుడు మధ్యలో చిన్న "డ్" దానంతటదే దూరుతుంది. అందుకే చమత్కారం కుదిరింది. మనం తెలుగులో "బెంజ్" అని రాసి తాలవ్య జకారంతో, అంటే జీడిలో జ లాగా, పలుకుతాం కాబట్టి మన చెవికి అవి రెండు వేర్వేరు మాటలయ్యాయి. మన బెంజ్ వాడికి వినిపిస్తే "బెంచ్" కి తమ్ముడేమో అనుకుంటాడు. పాత క్యాసెట్ గారు ముప్పై ఏళ్ళుగా పాడుతున్నది ఆ రెండిట్లో ఏదీ కాదు.

పాత క్యాసెట్:
మాస్టారూ, మరీ అంత మాట అనేశారేంటండీ.

పొల్లు మాస్టారు:
ఆగండి, మందు కూడా మన దగ్గరే ఉంది. దంత్య జకారం, ౙ. ౙడ, ౙొన్న, ౙున్ను అని ఒకసారి పైకి అనండి. తర్వాత జీడి, జీలకర్ర అనండి. మొదటి మూడింటిలో నాలుక పళ్ళ వెనక తగిలి "డ్‌జ్" లాంటి చప్పుడు వస్తుందే, అచ్చంగా అదే బెండ్స్ చివర ఉన్నది. "బెంౙ్" అని రాశారంటే కారూ ఉంది, రోగమూ ఉంది. ఇంగ్లీషువాడు ఏదో ఒక స్పెల్లింగ్ ఎంచుకోక తప్పలేదు, మనకి ఒక్క అక్షరం చాలు. బ్రౌన్ నిఘంటువు తీస్తే ఆ గుర్తుతోనే కనిపిస్తాయి ఇవన్నీ. మనమే బళ్ళో నేర్పడం మానేశాం, టీవీలో వార్తలు చదివేవాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

సముద్రం పక్క:
పైకి అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి జొన్నలెందుకిప్పుడు అని అడుగుతోంది.

ఓరుగల్లు అన్న:
మాస్టారూ, చిన్నయసూరి సూత్రం అచ్చును బట్టి గదా. ఇ ఈ ఎ ఏ లు కూడితే తాలవ్యం, అ ఆ ఉ ఊ ఒ ఓ ఔ లైతే దంత్యం. ఇక్కడ ఉన్నది ఒట్టి పొల్లు, అచ్చే లేదు. మరి ఏ సూత్రంతోని దంత్యం చేసిన్రు?

పొల్లు మాస్టారు:
సూత్రం తెలుగు మాటలకి, ఇది అన్యదేశ్యం.

ఓరుగల్లు అన్న:
అట్లయితే ౙ ఎందుకు తెచ్చిన్రు?

బందరు లడ్డు:
అయ్యా, విజయవాడ వచ్చి చూడండి, సూరి గారి సూత్రం ట్రాఫిక్‌లో పనిచేస్తోంది. బోర్డు మీద బెంజ్ సర్కిల్, ఆటోవాడి నోట్లో "బెంజి సర్కిల్". పొల్లు పలకలేక ఇకారం తగిలించాడు, ఇకారం తగలగానే తాలవ్యం ఖాయమైంది. ఇంక ఏ ౙ పెట్టినా లాభం లేదు.

పొల్లు మాస్టారు:
ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను. బెంజి అన్నాక చేసేదేమీ లేదు.

గుంపు కాపలాదారు:
మాటకి సంబంధించినంతవరకే చర్చ అని మనవి. ఆవిడ విడాకుల గురించి ఇంకో రెండు కామెంట్లు తీసేశాను.

చేమకూర భక్తురాలు:
పొద్దున్నుంచి చదువుతున్నా, ఇంతమంది ఇంత చర్చించి "శ్లేష" అన్న మాట ఒక్కరూ అనలేదు. కానీ నన్నడిగితే ఇది శ్లేష కూడా కాదు. రాతలో వేరై పలుకులో ఒకటయ్యే మాటలు ఇంగ్లీషులో కుప్పలు, అక్కడ ఇది పెద్ద కష్టం కాదు. తెలుగులో పలికిందే రాస్తాం కాబట్టి మన కవికి ఆ సౌకర్యం లేదు, మాటని విరవాలి. "మానవా, తాగుడు మానవా" అంటే రెండు చోట్లా అవే అక్షరాలు, రెండోసారి మాన్‌ దగ్గర విరిగింది. పింగళి సూరన ఇదే పనిని కావ్యం పొడుగునా చేశాడు, రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఇటు విరిస్తే రాముడి కథ, అటు విరిస్తే పాండవుల కథ. ఒక్క బెండ్స్‌కే ఇంత హంగామా చేస్తున్నారు మీరు.

రాత్రి డ్యూటీ:
అమ్మా, సూరన గారికి గిటారు లేదు.

చేమకూర భక్తురాలు:
గిటారు లేకుండానే చేశాడనే చెబుతున్నా నాయనా. అయినా నా మనిషి సూరన కాదు, చేమకూర వెంకటకవి. సూరన చేసింది కసరత్తు, పక్కన టీక లేకపోతే కదలదు. వెంకటకవి విజయవిలాసంలో చమత్కారం నడుస్తూ నడుస్తూ ఉండగా తగులుతుంది, దాటిపోయాక వెనక్కి తిరిగి చూస్తాం. ప్రతి పద్యంలో చమత్కారం పుట్టించగలవాడని తంజావూరు రాజు రఘునాథ నాయకుడు ఊరికే అన్నాడా? ఉలూచి అర్జునుణ్ణి చూసే ఘట్టం చదవండి. పెళ్ళైన కొత్తలో మా అత్తగారింట్లో ఆ కావ్యానికి తాపీ ధర్మారావు గారు రాసిన హృదయోల్లాస వ్యాఖ్య దొరికింది, అట్ట ఊడిపోయి దారాలు వేలాడుతూ. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వసారాలో కూర్చుని చదివేదాన్ని. ఒక్కో మాటకి ఆయన ఇది కాక ఇంకో అర్థం, అది కాక మరొకటి అని తీస్తూ పోతుంటే ఒక్కోచోట కవికైనా ఇంత తట్టిందా అని అనుమానం వచ్చేది. వచ్చినా బాగుండేది.

పొల్లు మాస్టారు:
సూరనని కసరత్తు అనడం అన్యాయమమ్మా. ఆయన కళాపూర్ణోదయం చదివినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

చేమకూర భక్తురాలు:
కళాపూర్ణోదయం సంగతి నేనెత్తలేదు మాస్టారూ, ద్వ్యర్థి గురించి అన్నాను. మీరు పక్కకి లాగుతున్నారు.

బందరు లడ్డు:
చేమకూర బాగా ఉడకాలి, లేకపోతే గొంతు దురద.

చేమకూర భక్తురాలు:
ఈ జోకు ఆయన బతికుండగానే పాతబడిపోయి ఉంటుంది.

సముద్రం పక్క:
నాదొక చిన్న అనుమానం. తెలుగులో బెండు అంటే నీళ్ళ మీద తేలేది. మావైపు వలలకి కట్టేవాళ్ళు. మన బెండేమో తేలుతుంది, వాళ్ళ బెండ్స్ తొందరపడి తేలినవాడికి వస్తుంది. దీన్ని ఏమంటారు?

చేమకూర భక్తురాలు:
దీన్ని మాత్రం చమత్కారం అంటాను. చూశారా, ఆయనకి గిటారూ లేదు, టీకా లేదు.

రాత్రి డ్యూటీ:
మా రూమ్మేట్ ఆ ముందు వచ్చే "టిఫనీ ట్విస్టెడ్" మాటని "టిఫిన్ ట్విస్టెడ్" అని పాడేవాడు. ఆవిడ మనసంతా టిఫిన్ మీదే ఉందని వాడి నమ్మకం. రెండేళ్ళు మెస్సులో వాడితో కలిసి తిన్నాక నాకూ అదే కరెక్టనిపించింది.

ఓరుగల్లు అన్న:
పాత క్యాసెట్ అన్నా, నువ్వు విన్నది 1976దా, 1994లో మళ్ళ కచేరీ చేసినప్పటిదా? కచేరీదాంట్ల గొంతు కొంచెం సాగదీస్తడు, "డ్" ఇంకింత గట్టిగ వినపడుతది. చెవుల పోగులు పెట్టుకుని నాలుగుసార్లు విన్న.

బందరు లడ్డు:
నేనూ విన్నాను. "డ్" వినిపించాలనుకుంటే వినిపిస్తోంది, వద్దనుకుంటే లేదు.

పొల్లు మాస్టారు:
నేను పొద్దున్న అన్నది అదే.

పాత క్యాసెట్:
అటక మీంచి నోట్‌బుక్కు దింపించానండీ, దుమ్ముకి ఇప్పటికి పది తుమ్ములయ్యాయి. పేజీ దొరికింది. అందులో బెంజూ లేదు, బెండ్సూ లేదు. తెలుగు అక్షరాల్లో "మెర్సిడీస్ బెన్స్" అని ఉంది, "న" కింద "స" వత్తు, దాని మీద పొల్లు. పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. పైగా ఆ చేతిరాత నాది కాదు, మా హాస్టల్ గదిలో ఉన్న ఫ్రెండుది. ఫొటో తీసి వాడికి పంపితే ఇప్పుడే ఫోన్ చేశాడు. "అది బెండ్స్ అని నేను అప్పుడే చెప్పా, నువ్వే వినలేదు" అంటున్నాడు.

అస్సలు చెప్పలేదు.