పాత క్రైమ్ సీరియళ్లలో గే కొడుకు చివరిదాకా బతికుండే ఎపిసోడ్ కావాలి

గే పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య గొడవల్ని పాత ఇంగ్లిష్ క్రైమ్ సీరియళ్లు ఎలా చూపించాయో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను.

ఎక్కువగా చూసింది 'కోల్డ్ కేస్' (సీబీఎస్, 2003–2010). 'ఎ టైమ్ టు హేట్'లో 1964లో హత్యకు గురైన గే కాలేజీ బేస్‌బాల్ ఆటగాడి కేసు తిరగదోడతారు. 'ఫరెవర్ బ్లూ' (2006)లో 1968 నాటి ఫిలడెల్ఫియా పోలీసులిద్దరు ప్రేమించుకుంటారు. జిమ్మీకి భార్యాపిల్లలున్నారు, కూప్‌ని కాల్చి చంపేస్తారు. ఆ చివరి సీన్ ఇప్పటికీ గుండెను మెలిపెడుతుంది. కానీ రెండింటిలోనూ ఇంట్లోవాళ్లతో తేల్చుకోవాల్సిన మనిషే లేడు. పాత హత్యల సీరియల్ కాబట్టి అది తప్పదు, అందుకే మిగతావి వెతికాను.

'ఎన్‌వైపీడీ బ్లూ'లో పోలీస్ స్టేషన్ ఆఫీసు పనులు చూసే గే ఉద్యోగి జాన్ ఇర్విన్ నాకు బాగా నచ్చిన పాత్ర, అయితే నేను చూసినంతలో అతని కథంతా స్టేషన్‌లోనే. 'ది వైర్'లో లెస్బియన్ డిటెక్టివ్ కీమా గొడవపడేది తనతో కలిసి జీవించే చెరిల్‌తో, ఉద్యోగంలోని ప్రమాదం గురించీ బిడ్డ గురించీ. 'పోలీస్ వుమన్' 1974 ఎపిసోడ్ ఒకదాంట్లో లెస్బియన్లే హంతకులు, దానిమీద అప్పట్లోనే నిరసనలు జరిగాయి. ఎపిసోడ్ల జాబితాల్లో 'గే' అని వెతికితే హతులూ అనుమానితులే వస్తున్నారు.

2010కి ముందు అమెరికాలోగానీ బ్రిటన్‌లోగానీ వచ్చిన క్రైమ్ సీరియల్లో, గే కొడుకో లెస్బియన్ కూతురో చివరిదాకా బతికుండి అమ్మానాన్నలతో ముఖాముఖి మాట్లాడే ఎపిసోడ్ ఏది? సీరియల్ పేరు, సీజన్ చెప్పగలరా?